రీలోడింగ్‌కి ప్రోగ్రెసివ్ ప్రెస్ కొన్నాను: 550 దగ్గరే ఎందుకు ఆగానంటే

మేం ఉండేది డాలస్‌కి ఉత్తరం వైపు. వీలున్న వారాంతాల్లో యూఎస్‌పీఎస్‌ఏ (అమెరికాలో ప్రాక్టికల్ షూటింగ్ పోటీలు నడిపే సంస్థ) పిస్టల్ మ్యాచ్‌లకి వెళ్తుంటాను. ఒక్క మ్యాచ్‌కే నూట యాభై తూటాల దాకా అయిపోతాయి, ఇక ప్రాక్టీస్‌కి లెక్కే ఉండదు. అన్నీ 9ఎంఎంవే. చాన్నాళ్లు ఒకసారికి ఒక్క పనే చేసే సింగిల్ స్టేజ్ ప్రెస్ మీదే ఇంట్లో రీలోడింగ్, అంటే కాల్చేసిన ఇత్తడి గొట్టాల్ని మళ్లీ నింపి తూటాలు చేసుకోవడం, చేసుకున్నాను, పని నేర్చుకున్నది కూడా దాని మీదే. కానీ ఆఫీసు, పిల్లల క్లాసులు, ఇంటి పనులు అన్నీ పోగా రాత్రిపూట మిగిలే ఆ కాస్త టైంలో దాని మీద ఒక పెట్టెడు తూటాలు తయారైతే గొప్ప. అందుకని అన్ని దశలూ ఒకేసారి చేసే ప్రోగ్రెసివ్ ప్రెస్ వేటలో పడ్డాను. నెలల తరబడి చూసి, అడిగి, వేరేవాళ్ల ప్రెస్‌ల మీద చెయ్యి వేసి చూసి, చివరికి డిలన్ ఆర్‌ఎల్550సి తీసుకున్నాను. అదే ఎందుకు, మిగతావి ఎందుకు వద్దనుకున్నాను, కొన్నాక ఇంట్లో ఏమేం సర్దుకోవాల్సి వచ్చింది అన్నది రాస్తున్నాను. మనవాళ్లలో షూటింగ్ నేర్చుకుంటున్నవాళ్లు ఇక్కడ బాగానే ఉన్నారు, వాళ్లు తరచూ అడుగుతున్నారు కూడా.

ముందు చట్టం సంగతి చెప్పేస్తాను, ఇది తేలకుండా మిగతాది చదివి లాభం లేదు. అమెరికాలో సొంత వాడకానికి తూటాలు రీలోడ్ చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు, అమ్మకానికి చేస్తే మాత్రం ఉండాలి. రాష్ట్రాన్ని బట్టి, ఊరి ఫైర్ కోడ్‌ని బట్టి వేరే నియమాలు ఉండొచ్చు, అవి ఎవరివి వాళ్లు చూసుకోవాలి. మనవాళ్లు ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాల్సింది ఏంటంటే, హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీయే కాదు, ఒక్క తూటా దగ్గర పెట్టుకున్నా ఫెడరల్ నేరమే, వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు తప్ప. నేను గ్రీన్ కార్డ్ వచ్చాకే ఇందులో దిగాను. మా వీధిలో ఉండే ఒక తమ్ముడు, ఇంకా హెచ్1బీలోనే ఉన్నాడు, "అన్నా, నేనూ వచ్చి హ్యాండిల్ లాగుతా, ఈలోపు నేర్చుకున్నట్టు ఉంటుంది కదా" అని అడిగాడు. "వద్దురా, కార్డ్ వచ్చాక రా, దగ్గరుండి నేర్పిస్తా" అన్నాను. ఏళ్ల తరబడి క్యూలో నిలబడినవాడికి దీని వల్ల ఏదైనా తేడా వస్తే ఎవరు తీర్చగలరు? ఇక ఆంధ్రా, తెలంగాణల్లో చదివేవాళ్లకి: 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్స్ లేకుండా తూటా తయారుచేయడం నేరం. కాబట్టి ఇది పూర్తిగా ఇక్కడి ముచ్చట.

రీలోడింగ్ గురించి అసలు తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. తూటాలో నాలుగు భాగాలు: ఇత్తడి కేస్, దాని అడుగున కందిపప్పు బద్దంత ప్రైమర్ (పిన్ను తగలగానే పేలి పౌడర్‌ని అంటించేది), లోపల పౌడర్, మూతి మీద బుల్లెట్. కాల్చాక మిగిలేది కేస్ ఒక్కటే. తూటా ఖర్చులో పెద్ద భాగం దానిదే, పైగా దాన్ని చాలాసార్లు వాడుకోవచ్చు. కాల్చినప్పుడు ఉబ్బిన కేస్‌ని డై అనే గట్టి అచ్చులోకి నొక్కి మళ్లీ కొలతకి తేవాలి (ఇదే సైజింగ్), పాత ప్రైమర్ తీసేసి కొత్తది ఎక్కించాలి, మూతి కాస్త విప్పారేలా చేసి పౌడర్ పోయాలి, బుల్లెట్ దించాలి, చివర్లో మూతిని మళ్లీ బిగించాలి. దాన్నే క్రింప్ అంటారు. హైదరాబాద్‌లో .22 నేర్చుకుంటున్న మా మేనల్లుడు "మామయ్యా, నావి కూడా ఇలా చేసుకోవచ్చా" అని ఫోన్‌లో అడిగాడు. అక్కడి చట్టం ఒప్పుకోదన్నది అలా ఉంచితే, .22 రింఫైర్‌కి ఈ పద్ధతే పనికిరాదు. దానికి విడిగా ప్రైమర్ అంటూ ఉండదు, ఆ మసాలా కేస్ అంచులోనే ఉంటుంది, పిన్ను తగిలిన అంచు నొక్కుకుపోతుంది.

సింగిల్ స్టేజ్ మీద ఒకసారికి ఒక్క పనే జరుగుతుంది. వంద కేసులకీ సైజింగ్, ఆ తర్వాత వందకీ ప్రైమర్లు, ఆ తర్వాత వందకీ పౌడర్. ప్రోగ్రెసివ్‌లో అలా కాదు. షెల్‌ప్లేట్ అనే గుండ్రటి పళ్లెంలో నాలుగో ఐదో కేసులు ఒకేసారి కూర్చుంటాయి, ఒక్కోటి ఒక్కో దశలో ఉంటుంది (ఆ ఒక్కో చోటునీ స్టేషన్ అంటారు), హ్యాండిల్ ఒక్కసారి లాగితే అన్ని పనులూ ఒకేసారి అవుతాయి. పళ్లెం ఒక అడుగు తిరుగుతుంది, చివరి కేస్ పూర్తయిన తూటాగా డబ్బాలో పడుతుంది. వేగం దీని వల్లే వస్తుంది. ప్రమాదం కూడా దీని వల్లే, ఎందుకంటే నాలుగు చోట్ల నాలుగు పనులు జరుగుతుంటే మన కళ్లు ఒక్కచోటే ఉంటాయి.

ఆ ప్రమాదం ఏంటో స్పష్టంగా చెప్పాలి. పౌడర్ అసలు పడని తూటాని కాలిస్తే ప్రైమర్ ఒక్కటే పేలుతుంది, ఆ కాస్త బలానికి బుల్లెట్ బ్యారెల్లోకి జారి అక్కడే ఇరుక్కుపోతుంది. దాన్ని స్క్విబ్ అంటారు. మ్యాచ్ హడావుడిలో అది గమనించక ఇంకోసారి ట్రిగ్గర్ నొక్కితే తుపాకీ చేతిలోనే పగులుతుంది. దీనికి రెండో వైపు డబుల్ చార్జ్, అంటే ఒకే కేస్‌లో రెండుసార్లు పౌడర్ పడటం. 9ఎంఎం చిన్న కేస్, సామీ (అమెరికాలో తుపాకీ, తూటా తయారీదారుల ప్రమాణాల సంస్థ) ప్రమాణం ప్రకారం దానికి గరిష్ఠ ఒత్తిడి 35,000 పీఎస్ఐ. రెట్టింపు పౌడర్‌తో ఆ హద్దు ఎప్పుడో దాటిపోతుంది. ఈ రెండూ ఎక్కువగా జరిగేది ప్రెస్ సాఫీగా తిరుగుతున్నప్పుడు కాదు, ఏదో అడ్డుపడి ఆగి, దాన్ని సరిచేసి మళ్లీ మొదలుపెట్టే ఆ నిమిషంలో. అందుకే ప్రెస్ ఎంచుకునేటప్పుడు గంటకి ఎన్ని అన్న లెక్క పక్కన పెట్టి, ఆగినప్పుడు ఇది ఎలా ఆగుతుంది, ఆగాక ఏ కేస్ ఏ దశలో ఉందో నాకు తెలుస్తుందా, మధ్యలో ఉన్న కేస్‌ని చేత్తో బయటికి తీయగలనా అని చూశాను.

మొదట చూసింది స్నేహితుడి ఎక్స్‌ఎల్750. డిలన్ వాళ్లదే, ఐదు స్టేషన్లు, పళ్లెం దానంతటదే తిరుగుతుంది, పైన కేస్ ఫీడర్ పెట్టుకుంటే కేసులు కూడా అదే అందిస్తుంది. ఎడమ చేత్తో బుల్లెట్ పెట్టడం, కుడి చేత్తో హ్యాండిల్ లాగడం, అంతే పని. నిజం చెప్పాలంటే దాని ముందు కూర్చున్న మొదటి పావుగంట నాకు అది తప్ప ఇంకేదీ వద్దనిపించింది. హ్యాండిల్ లాగిన ప్రతిసారీ డబ్బాలో ఒక తూటా పడుతుంటే ఆ చప్పుడు వినడానికే ఎంతో బాగుంటుంది. మూడో స్టేషన్‌లో పౌడర్ చెక్ పెట్టుకున్నాడు, పౌడర్ మట్టం తేడాగా ఉంటే బీప్‌మని మోగుతుంది. మంచి ఏర్పాటు.

అలా సాగుతుండగా హ్యాండిల్ ఒక్కసారి తేలిగ్గా దిగిపోయింది. రేంజ్‌లో ఏరుకొచ్చిన ఇత్తడిలో ఒక .380 (వేరే రకం పిస్టల్ తూటా) కేస్ కలిసిపోయి ఫీడర్‌లోంచి వచ్చేసింది. చూడ్డానికి 9ఎంఎం లాగే ఉంటుంది, పొడవు మాత్రం రెండు మిల్లీమీటర్లు తక్కువ. మావాడు ఆపి, ఏంటా అని హ్యాండిల్ కొంచెం పైకి, కొంచెం కిందికి ఆడించాడు. ఈలోపు పళ్లెం తిరిగిందా లేదా? రెండో స్టేషన్‌లో ఉన్నది పౌడర్ పడిన కేసా, పడాల్సిన కేసా? ఇద్దరం టార్చ్ పెట్టి తొంగిచూశాం. చివరికి వాడు సరైన పనే చేశాడు: పళ్లెంలో ఉన్నవన్నీ తీసేసి, పౌడర్ తిరిగి పోసేసి, మళ్లీ మొదటి నుంచి పెట్టుకున్నాడు. అందులో ప్రెస్ తప్పేం లేదు, ఏ ప్రెస్ అయినా తప్పుడు కేస్ వస్తే ఆపాల్సిందే. కానీ దానంతటదే తిరిగే పళ్లెంలో, హ్యాండిల్ సగంలో ఆగితే తిరిగిందో లేదో తేల్చుకోవడానికి కాస్త ఆలోచించాల్సి వస్తుందని, ఆలోచించే ఓపిక రాత్రి పదింటికి నాకు ఉంటుందో ఉండదోనని ఆ రోజే అనుమానం వచ్చింది.

ఇంకో చిన్న విషయం కూడా గమనించాను. 750లో పళ్లెం ఒక స్టేషన్ నుంచి ఇంకోదానికి టక్కున గెంతుతుంది. 9ఎంఎం లాంటి పొట్టి కేస్‌లో పౌడర్ పై దాకా ఉంటే ఆ గెంతుకి నాలుగైదు పలుకులు బయటికి చిందుతాయి. కింద బేరింగ్ వేసి, స్ప్రింగ్ మెత్తబరిచి దీన్ని సరిచేసుకునేవాళ్లు ఉన్నారు. మావాడూ చేసుకున్నాడు, చాలా వరకు తగ్గింది.

తర్వాత మా క్లబ్‌లో ఒక పెద్దాయన. డెబ్బై దాటాయి, మెషినిస్ట్‌గా రిటైరయ్యాడు, 550ని ఎన్నో ఏళ్లుగా వాడుతున్నాడు. నేను ప్రెస్ చూస్తున్నానని తెలిసి ఇంటికి రమ్మన్నాడు. కుర్చీలో కూర్చోబెట్టి, కాసేపు చేయనిచ్చి, సరిగ్గా మధ్యలో ఉండగా "ఆపు" అన్నాడు. "ఇప్పుడు ఏ కేస్ ఏ దశలో ఉందో చెప్పు." చెప్పగలిగాను. 550లో పళ్లెం దానంతటది తిరగదు, కింద ఉన్న చక్రాన్ని ఎడమ చేతి బొటనవేలితో తోస్తేనే తిరుగుతుంది. హ్యాండిల్ ఎన్నిసార్లు పైకీ కిందికీ ఆడించినా కేసులు ఎక్కడివక్కడే. ఆయన నవ్వుతూ తన బొటనవేలు చూపించి, ఇది కదిలితేనే అది కదులుతుంది అన్నాడు. మొదటిది తప్ప మిగతా స్టేషన్ల దగ్గర కేస్‌ని పట్టి ఉంచే చిన్న ఇత్తడి గుండీ ఒక్కోటి ఉంటుంది, దాన్ని రెండు వేళ్లతో పైకి లాగేస్తే ఆ కేస్ బయటికి వచ్చేస్తుంది. ఏ పనిముట్టూ అక్కర్లేదు. రెండో స్టేషన్‌లో కేస్ తీశాను, పౌడర్ తూకం వేశాను, మళ్లీ పెట్టాను, గుండీ దించాను. మిగతా మూడు కేసుల జోలికే పోలేదు. నాకు కావలసింది ఇదే.

అలాగని 550కి లోపం లేదని కాదు, ఉంది, అదీ పెద్దదే. పళ్లెం తిప్పడం మన చేతిలో ఉంది కాబట్టి తిప్పడం మర్చిపోవడమూ మన చేతిలోనే ఉంది. తిప్పకుండా హ్యాండిల్ రెండోసారి లాగితే అదే కేస్‌లో మళ్లీ పౌడర్ పడుతుంది. పైగా ఉన్నవి నాలుగే స్టేషన్లు: సైజింగ్, ప్రైమర్ ఒకదాంట్లో, పౌడర్ రెండోదాంట్లో, బుల్లెట్ మూడో చోట, క్రింప్ నాలుగో చోట. పౌడర్ చెక్ పెట్టడానికి ఖాళీ ఉండదు. బుల్లెట్ దించడం, క్రింప్ చేయడం రెండూ ఒకే డైతో చేస్తే ఒక స్టేషన్ మిగులుతుంది గానీ, 9ఎంఎంకి ఆ రెండూ విడివిడిగా చేస్తేనే నాకు తూటా పొడవు నిలకడగా వస్తోంది. ఈ చిన్న కేస్‌లో బుల్లెట్ కొంచెం లోపలికి దిగినా ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి అక్కడ రాజీ పడదలచుకోలేదు.

దీనికి నా విరుగుడు మూడు రకాలు. ఒకటి, ఎక్కువ చోటు ఆక్రమించే పౌడర్ ఎంచుకున్నాను. రెండుసార్లు పడితే కేస్ పొంగి పళ్లెం మీద పారబోసినట్టు కనబడుతుంది, దాచినా దాగదు. రెండు, టూల్‌హెడ్ (డైలు బిగించే పై పలక) కింద ఎల్ఈడీ లైటు పెట్టి, బుల్లెట్ పెట్టే ముందు ప్రతి కేస్ లోపలికీ చూస్తాను. కుర్చీ ఎత్తు కూడా తల వంచకుండా కేస్ అడుగు కనబడేలా సరిచేసుకున్నాను. ఇది చెప్పుకోవడానికి చిన్న విషయమే గానీ, తల వంచాల్సి వస్తే మనిషి కొంతసేపటికి చూడటం మానేస్తాడు. మూడు, ఫోన్ మోగినా, పిల్లాడు పిలిచినా, హ్యాండిల్ కాస్త తేడాగా అనిపించినా, పౌడర్ స్టేషన్‌లో ఉన్న కేస్ తీసి పౌడర్ తిరిగి పోసేస్తాను. అందులో సరిగ్గానే పడి ఉండొచ్చు. అయినా సరే తీసేస్తాను. ఆ కొద్ది సెకన్లు పోతే పోయాయి.

మిగతావాటి గురించి త్వరగా. హార్నడీ లాక్-ఎన్-లోడ్ ఏపీ చాలా మంచి డిజైన్. ఐదు స్టేషన్లు, డైలని బుషింగ్‌తో కాస్త తిప్పి తీసేయొచ్చు, కేసుల్ని పళ్లెం చుట్టూ ఒక స్ప్రింగ్ పట్టుకుని ఉంటుంది కాబట్టి మధ్యలోంచి తీయడమూ తేలికే. పళ్లెం కూడా హ్యాండిల్ దిగేటప్పుడు సగం, లేచేటప్పుడు సగం తిరుగుతుంది, అందుకని పౌడర్ చిందదు. నా కొలమానం ప్రకారం 550 తర్వాత నాకు నచ్చింది ఇదే. కొనకపోవడానికి ఒకే కారణం, మా చుట్టుపక్కల దాన్ని వాడేవాళ్లు ఎవరూ లేరు. ఏదైనా తేడా వస్తే ఎదురుగా కూర్చుని చూపించే మనిషి ఉండటం ఎంత విలువైందో పెద్దాయన దగ్గర చూశాక ఆ కారణం నాకు చిన్నదనిపించలేదు. లీ వాళ్ల సిక్స్ ప్యాక్ ప్రోలో ఆరు స్టేషన్లు, ధర బాగా తక్కువ, బడ్జెట్ తక్కువ ఉన్నవాళ్లు తప్పకుండా చూడాలి. ఆర్‌సీబీఎస్ లాక్‌అవుట్ డై లాంటిది పెట్టుకోవడానికి అందులో చోటు కూడా ఉంటుంది, పౌడర్ తేడా వస్తే అది ప్రెస్‌నే ఆపేస్తుంది. డిలన్ స్క్వేర్ డీల్ బి పిస్టల్ తూటాలకి మాత్రమే, పైగా దాని డైలు దానికే, మామూలు డైలు పట్టవు. నా దగ్గర అప్పటికే కార్బైడ్ డైల సెట్టు ఉంది కాబట్టి అది వద్దనుకున్నాను. డిలన్ వాళ్లదే ఇంకా పెద్ద ప్రెస్ ఆర్‌ఎల్1100 నాకు అవసరం లేని స్థాయి.

వేగం సంగతి కూడా చెప్పాలి కదా. 550కి కంపెనీ చెప్పేది గంటకి 600 దాకా. నేను అంత పోను, పోవాలని కూడా అనుకోను. ప్రతి కేస్‌లోకీ చూస్తూ, మధ్యమధ్య ఒక చార్జ్ తూకం వేస్తూ, ప్రైమర్ ట్యూబులు నింపుకుంటూ వెళ్తే అందులో సగం వస్తుంది. నా మ్యాచ్‌లకీ ప్రాక్టీస్‌కీ అది సరిపోయి ఇంకా మిగులుతోంది. దీనికీ కేస్ ఫీడర్ దొరుకుతుంది, నేను పెట్టుకోలేదు. కేస్‌ని చేత్తో తీసి పెడుతున్నప్పుడే పగుళ్లు, .380లు, వంగిన మూతులు వేళ్లకి తెలుస్తాయి.

డబ్బుల విషయంలో ఒక మాట. ప్రెస్ ధర ఒక్కటే చూసుకుని బయల్దేరితే చాలదు. తూకం, కాలిపర్, ఇత్తడి శుభ్రం చేసే టంబ్లర్, ప్రైమర్ ట్యూబులు, తూటా కొలత సరిచూసే కేస్ గేజ్, గట్టి బల్ల, కనీసం రెండు లోడింగ్ మాన్యువల్స్, ఇవన్నీ కలిపితే ప్రెస్‌కి దగ్గర దగ్గరగా ఇంకో మొత్తం అవుతుంది. సింగిల్ స్టేజ్ నుంచి వచ్చాను కాబట్టి నాకు వీటిలో చాలా వరకు ముందే ఉన్నాయి. 9ఎంఎం ఫ్యాక్టరీ తూటా చవకగా దొరికే రోజుల్లో రీలోడింగ్ వల్ల మిగిలేది తక్కువే. 2020, 2021లో ప్రైమర్ల కరువొచ్చినప్పుడు వాటి ధర ఎలా ఎగిరిందో చూసినవాళ్లకి ఆ మిగులు ఎంత తొందరగా ఆవిరవుతుందో తెలుసు. నేను చేసేది డబ్బు కోసం కాదు, తూటా నాకు కావలసినట్టు ఉండటం కోసం. యూఎస్‌పీఎస్‌ఏలో మైనర్‌కి, అంటే తక్కువ శక్తి తూటాల వర్గానికి, పవర్ ఫ్యాక్టర్ కనీసం 125 ఉండాలి, అంటే బుల్లెట్ బరువు గ్రెయిన్లలో, వేగం సెకనుకి అడుగుల్లో, రెండూ గుణించి వెయ్యితో భాగిస్తే వచ్చే సంఖ్య. 147 గ్రెయిన్ల బుల్లెట్ 890 అడుగుల వేగంతో వెళ్తే 130 పైచిలుకు వస్తుంది. నియమం తప్పకుండా, చేతికి కుదుపు మెత్తగా ఉండేలా అక్కడ నిలబెట్టుకోవడం మామూలు ఫ్యాక్టరీ తూటాతో తేలిగ్గా కుదిరే పని కాదు. పౌడర్ ఎంత వేశానో మాత్రం ఇక్కడ రాయను. అది మీ మాన్యువల్‌లో మీ బుల్లెట్‌కి, మీ పౌడర్‌కి ఇచ్చిన కనిష్ఠం నుంచి మొదలుపెట్టి మీరే తేల్చుకోవాలి. వేరేవాళ్ల అంకె తెచ్చుకుని వాడకూడదు.

ప్రెస్ ఇంటికి వచ్చాక అసలు చర్చ మా ఆవిడతో. "పిల్లలు తిరిగే ఇల్లండీ, మందు సామాను ఎక్కడ పెడతారు, ఆ సీసం దుమ్ము సంగతేంటి, ముందు అది చెప్పండి" అంది. అడగాల్సిన ప్రశ్నలే. కూర్చుని ఇద్దరం కలిసే నిర్ణయించాం. బల్ల గ్యారేజ్‌లో, కానీ పౌడర్, ప్రైమర్లు అక్కడ వద్దు. టెక్సస్ ఎండాకాలంలో మూసిన గ్యారేజ్ ఎంత వేడెక్కుతుందో తెలిసిందే, పైగా మాది గ్యాస్ వాటర్ హీటర్, అది అక్కడే ఉంది, దాని మంట నేలకి దగ్గరగా ఉంటుంది. అందుకని పౌడర్ ఇంట్లో చల్లగా ఉండే క్లాసెట్‌లో, తాళంతో, దాని ఒరిజినల్ డబ్బాల్లోనే ఉంటుంది. ప్రైమర్లు విడిగా ఇంకోచోట, అవీ వాటి అట్టపెట్టెల్లోనే. ఎన్ఎఫ్‌పీఏ 495 (అమెరికాలో అగ్నిప్రమాదాల నివారణ సంస్థ ఇచ్చిన కోడ్) ప్రకారం ఇంట్లో ఒరిజినల్ డబ్బాల్లో 20 పౌండ్ల దాకా స్మోక్‌లెస్ పౌడర్, 10,000 దాకా ప్రైమర్లు ఉంచుకోవచ్చు. నా దగ్గర అందులో చిన్న భాగం కూడా ఉండదు. పౌడర్‌ని గట్టిగా బిగిసే ఇనప పెట్టెలో గానీ సేఫ్‌లో గానీ పెట్టకూడదు, మంట తగిలితే ఒత్తిడి బయటికి పోయే దారి ఉండాలి. ప్రైమర్లని గాజు సీసాలో పోసి పెట్టడం అన్నిటికన్నా ప్రమాదం, ఒకటి పేలితే మిగతావన్నీ అంటుకుంటాయి. 550లో వంద ప్రైమర్లు ఒక నిలువు ట్యూబులో ఉంటాయి, దాని చుట్టూ ఉక్కు గొట్టం కవచంగా ఉంటుంది. ప్రైమర్ ఎక్కకుండా అడ్డుపడితే బలంగా తోయకూడదు. ఆపాలి, తీయాలి, చూడాలి. కళ్లజోడు లేకుండా ఆ బల్ల ముందు కూర్చోను.

సీసం విషయం ఇంకా ముఖ్యం. ప్రైమర్ మసాలాలో సీసం ఉంటుంది, కాల్చిన కేస్‌లో దాని మసి మిగులుతుంది. పొడి టంబ్లర్‌లో వాల్‌నట్ పొట్టుతో తిప్పితే ఆ దుమ్ము గాల్లో లేస్తుంది. అందుకని నీళ్లు, స్టీల్ పిన్నులతో తిప్పే వెట్ టంబ్లర్‌కి మారాం, ఆ నీళ్లు వంటింటి సింక్‌లో పోయను. బల్ల దగ్గర టీ, తినుబండారాలు నిషేధం. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కుని, చొక్కా మార్చుకున్నాకే పిల్లల దగ్గరికి. ఏడాదికోసారి చేయించే రక్తపరీక్షలో సీసం కూడా చూడమని డాక్టర్‌కి చెప్పాను. ఇప్పటిదాకా అంతా బాగానే ఉంది.

బల్ల గురించి చెప్పకపోతే ఈ అనుభవం పూర్తి కాదు. ప్రోగ్రెసివ్ ప్రెస్‌కి బల్ల ఊగిందంటే పౌడర్ కొలత ఊగుతుంది, అది కంటికి కనబడదు, తూకంలో కనబడుతుంది. టూ-బై-ఫోర్ కర్రలతో బల్ల కొట్టి, గోడలో స్టడ్‌లకి లాగ్ బోల్టులతో బిగించాను. బిగించక ముందు, బిగించిన తర్వాత ఒకే సెట్టింగ్‌లో చార్జ్‌లు తూచి చూశాను, తేడా సగానికి పైగా తగ్గింది. ప్రెస్‌కి కొత్త సామాన్లు తగిలించే ముందు ఎవరైనా ఈ పని చేసుకోవాలి.

ఇత్తడి ఏరేటప్పుడు పడే కష్టమే తర్వాత ప్రెస్ దగ్గర సుఖం. రేంజ్‌లో ఏరిన కేసుల్లో .380లు తీసేయాలి, అడుగున వృత్తంలో కూడిక గుర్తు ఉన్న నాటో కేసులు విడిగా పెట్టాలి. వాటిలో ప్రైమర్ గుంట చుట్టూ ఇత్తడి నొక్కి ఉంటుంది, దాన్ని విప్పకుండా కొత్త ప్రైమర్ పెట్టబోతే సగంలో ఇరుక్కుంటుంది. సింగిల్ స్టేజ్ మీద అది ఒక్క కేస్ సమస్య, ప్రోగ్రెసివ్ మీద మొత్తం పళ్లెం ఆగిపోతుంది. మా అబ్బాయి టీవీ చూస్తూ కడిగి ఆరిన కేసులు వేరు చేస్తానన్నాడు గానీ, చిన్నవాడు, ఇత్తడి ముట్టుకోవడం ఇంకా వద్దన్నాం.

తయారైన తూటాని ఊరికే డబ్బాలో వేసేయను. అడుగు మీద వేలు రాస్తే ప్రైమర్ కేస్ కన్నా ఒక వెంట్రుకవాసి లోపలికి ఉండాలి. పైకి తగిలితే పక్కన పెట్టేస్తాను. పిస్టల్ విప్పి బ్యారెల్ చేత్తో పట్టుకుని తూటా అందులో వదిలితే ప్లంక్‌మని చప్పుడు చేస్తూ పూర్తిగా దిగాలి, వేలితో తిప్పితే తిరగాలి, బ్యారెల్ తిరగేస్తే దానంతటదే జారి పడాలి. దిగకుండా ఆగిపోతే క్రింప్ చాలలేదనో, బుల్లెట్ వంకరగా కూర్చుందనో అర్థం. కొత్త బుల్లెట్ మార్చిన ప్రతిసారీ ఇది చేస్తాను. మిగతా అన్నిటినీ కేస్ గేజ్‌లో ఒక్కొక్కటిగా వేసి చూస్తాను. ఈ పని ఆదివారం మధ్యాహ్నం, క్రికెట్ కామెంటరీ పెట్టుకుని చేస్తాను. ప్రెస్ దగ్గర మాత్రం పాటలు, కామెంటరీ ఏవీ ఉండవు.

మరి అందరికీ 550నేనా అంటే, కాదు. నెలకి వేలల్లో కాల్చి, ఒకే కాలిబర్‌తో ఉండేవాళ్లకి పౌడర్ చెక్‌తో 750 సరైన ప్రెస్, మా స్నేహితుడికి అది చక్కగా సరిపోయింది, వాడు దాన్ని మార్చాల్సిన పని లేదు. రీలోడింగ్ ఇప్పుడే మొదలుపెడుతున్నవాళ్లు ప్రోగ్రెసివ్‌కి వెళ్లకుండా సింగిల్ స్టేజ్ గానీ, లీ క్లాసిక్ టర్రెట్ (ఒక్క కేస్‌నే పెట్టి, పైన డైలని తిప్పుకునే ప్రెస్) గానీ తీసుకుని, ప్రతి దశలో చేతికి ఎలా తెలుస్తుందో నేర్చుకున్నాక రావాలి. నాలాగా మధ్యస్థంగా కాల్చేవాళ్లకి, రాత్రిపూట అలసిపోయి కూర్చునేవాళ్లకి, ముందుముందు ఇంకో రెండు కాలిబర్లు చేద్దామనుకునేవాళ్లకి 550 అని గట్టిగా చెబుతాను. టూల్‌హెడ్‌లో డైలు బిగించి వదిలేస్తే, కాలిబర్ మార్చినప్పుడు దాన్ని మొత్తంగా లాగి ఇంకోటి తోసుకోవచ్చు. పళ్లెం, గుండీలు, పౌడర్ గరాటు మార్చుకుంటే పని అయిపోతుంది. నేను .38 స్పెషల్‌కి రెండో టూల్‌హెడ్ సిద్ధం చేసుకుంటున్నాను.

కొత్తది కొనడం బరువనిపిస్తే పాత 550బి కోసం చూడండి. 550సికీ దానికీ తేడా చాలా తక్కువ, విడిభాగాలు దొరుకుతాయి, డిలన్ వాళ్ల లైఫ్‌టైమ్ వారంటీ దాన్ని మొదట కొన్నవాళ్ల దగ్గరే ఆగిపోదు. చూసేటప్పుడు టూల్‌హెడ్ లూజుగా ఉందా, షెల్‌ప్లేట్ మధ్య బోల్టు బిగిస్తే పళ్లెం పైకీ కిందికీ ఊగకుండా తిరుగుతుందా, ప్రైమర్ స్లైడ్ తుప్పు లేకుండా పూర్తిగా ముందుకీ వెనక్కీ వస్తుందా, పౌడర్ కొలిచే బార్ హ్యాండిల్‌తో పాటు చివరి దాకా వెనక్కి వెళ్తోందా అన్న నాలుగూ చూసుకోండి. గ్రీజ్ మురికి, పెయింట్ పోవడం పట్టించుకోనక్కర్లేదు. అమ్మేవాళ్లు పౌడర్ మిగిలింది ఫ్రీగా ఇస్తామంటే మాత్రం తీసుకోవద్దు. ఆ డబ్బాలో లేబుల్ మీదున్న పౌడరే ఉందని చెప్పగలిగేవాళ్లు ఎవరూ ఉండరు.